సూత్ అంటే ఎంత

నేను పట్టాలు అమ్ముతాను. రైలు పట్టాలు కాదు. ఈ మాట చెప్పిన ప్రతిసారీ మా చుట్టాల్లో ఎవరో ఒకరు "రైల్వేల నౌకరీనా బిడ్డా?" అని సంబరపడతారు. కాదని చెప్పి ఆ సంబరం చెడగొట్టేది నేనే. భివండీలో, టెంఘర్ వైపు, చిన్న దుకాణం. నాది కాదు, నేను పనిచేసేది. మిషన్‌లో ఏదైనా భాగం అటూ ఇటూ తిన్నగా జరగాలంటే దాని కింద వేసే ఉక్కు పట్టాలు, వాటి మీద జారే బ్లాకులు, చక్రాలు, మిషన్‌కు చట్రం కట్టుకునే అల్యూమినియం దూలాలు మా దగ్గర దొరుకుతాయి. మాలిక్ గల్లా దగ్గర కూర్చుంటాడు. ఎవరికి ఏ పట్టా సరిపోతుందో చెప్పేది నేను.

దానికి పెద్ద చదువేం లేదు. మరాఠీ బడిలో పన్నెండు దాకా చదివాను, మిగతాదంతా కౌంటర్ దగ్గరే నేర్చుకున్నాను. ఎంత బరువు జరపాలి, ఎంత దూరం జరపాలి, చుట్టూ దుమ్ము ఎలా ఉంటుంది, ఎంత తిన్నగా పోవాలి అని అడిగితే సగం పని అయిపోయినట్టే. వచ్చిన మగవాళ్ళు ముందు నా తల మీదుగా మాలిక్‌ను చూసి మాట్లాడతారు. ఆయన వేలు నా వైపు చూపిస్తాడు. నాకు ఒళ్ళు మండి రెండు ప్రశ్నలు ఎక్కువే అడుగుతాను. నాకు పొగరని బజారులో పేరుంది. ఉంటే ఉండనీ అనుకునేదాన్ని.

అమ్మా నేనూ కామత్‌ఘర్‌లో ఉంటాం. నాన్న లేడు. అమ్మ చాలా ఏళ్ళు సాంచల దగ్గర, అంటే కరెంటు మగ్గాల దగ్గర, కండెలు చుట్టింది. ఆ సాంచలు తుక్కు కింద అమ్ముడుపోయాక మాన్కోలిలో ఒక గోదాములో చేరింది. అక్కడ థాన్లకు థాన్లు బట్ట వస్తుంది, దాన్ని దుప్పట్లుగా కోసి, అంచులు కుట్టి, సంచుల్లో పెట్టి పంపుతారు. అమ్మది కోసే పని. వెడల్పాటి బల్ల మీద బట్ట పరిచి, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, ఒక్క పోగు పట్టి లాగుతుంది. ఆ పోగు ఊడి వచ్చేసరికి బట్ట మీద సన్నటి గీత పడుతుంది. ఆ గీత వెంటే కత్తెర నడిపిస్తుంది. అలా కోస్తే కుట్టాక దుప్పటి ఒక పక్కకు లాగదు.

ఏళ్ళ తరబడి ఆ కత్తెర నడిపించి అమ్మ కుడి భుజం పట్టేసింది. రాత్రి జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. నేను వేస్తుంటే "మెల్లగ" అనేది, నొప్పి నెత్తికో చేతికో నాకు తెలిసేది కాదు. పని నెమ్మదించింది. గోదాము శేట్ చెడ్డవాడేం కాదు గానీ, ఒకరోజు పిలిచి, "మౌషీ, నీ చెయ్యి అయిపోయింది, కోయడానికి ఇంకో మనిషిని చూసుకుంటున్నా" అన్నాడట. మౌషీ అంటే పిన్ని.

అమ్మ ఏడ్చిందా, బతిమాలిందా? లేదు. "నా బిడ్డ మిషిన్ల ఇంజినీరు, బల్ల మీద కోసే మిషిన్ పెట్టిస్తది, నేను ఒక్క చేత్తోటి నడిపిస్త" అని వచ్చీరాని హిందీలో గోదామంతా వినేటట్టు చెప్పి వచ్చింది.

"ఇంజినీరా? నేనా?" అన్నాను నేను, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి. "ఎవరు జెప్పమన్నరే నీకు గట్ల?"

"నువ్వు జేసేది గదే గాదా? అందరికీ చెప్తవు గదా ఏ మిషిన్‌కు ఏం గావాల్నో. మీ అమ్మకు చెప్పవా?"

"రేపు ఆ శేట్ నన్ను అడిగితే ఏం జెప్పాలె? సర్టిఫికెట్ ఏది అంటే?"

"అడగడు. పైసలు ఆయనే పెడ్తడు. మిషిన్ నడిస్తే నన్ను ఉంచుత అన్నడు. గంతే."

ఆ రాత్రి నాకు సిగ్గూ కోపమూ రెండూ వచ్చాయి. కానీ విషయం మాత్రం తేలిపోయింది. మిషన్ నడిస్తే అమ్మ పని ఉంటుంది. నడవకపోతే పోతుంది.

మరునాడు కోపం తగ్గి, దుకాణానికి వచ్చినవాళ్ళను అడిగినట్టే అమ్మను అడిగాను. గుండ్రటి బ్లేడు తిరిగే చిన్న కటింగ్ మిషన్ బజారులో దొరుకుతుంది, దాన్ని ఒక పలక మీద బిగించి పట్టా మీద జరపాలి. బరువు తేలిక. దూరం బల్ల వెడల్పంత. దుమ్మెట్ల ఉంటది అని అడిగితే, "దుమ్మేంది, దూది నూగు, అన్నంల గూడ పడ్తది" అంది. ఎంత తిన్నగా పోవాలి అని అడిగాను.

"ఒక్క సూత్ గూడ తప్పొద్దు బిడ్డా" అంది. "సూత్ తప్పితే వాపసే."

ఒక సూత్. రాసుకున్నాను.

దాన్నిబట్టే పట్టా ఎంచాను. నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, బజారులో ఎల్ఎం పట్టా అంటారు, నున్నటి ఉక్కు పట్టా మీద గుండ్లున్న బ్లాకు జారుతుంది. వెంట్రుకంత కూడా పక్కకు కదలదు. కానీ దానికి గ్రీజు కావాలి, గ్రీజులో దూది నూగు పడితే ముద్ద కడుతుంది. అలా బిగుసుకుపోయిన బ్లాకులు మా దుకాణానికి వాపసు వస్తూనే ఉంటాయి, లోపల గుండ్లు కనిపించవు, మైల దూదే. రెండోది, అంచు కోసుగా ఉన్న పట్టీ, దాన్ని రెండు వైపులా పట్టుకుని దొర్లే గాడి చక్రాలు. వాటికి నూగు అంటదు, దొర్లుతూ పక్కకు నెట్టేస్తాయి. కాకపోతే కొద్దిగా ఆట ఉంటుంది, అంటే పక్కకు కదులుతాయి. ఎంత అంటే, సుమారు ఒక సూత్. అమ్మ ఒప్పుకున్నది అంతే కదా! నాకు నేనే భుజం తట్టుకున్నాను. గాడి చక్రాలే అని తేల్చేశాను.

చట్రం బిగించడానికి పిలిచిన ఫిట్టర్‌తో పెద్ద గొడవ. అతను ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసేస్తానన్నాడు. వెల్డింగ్ వేడికి గొట్టం వంగుతుంది, వంగిన చట్రం మీద ఏ పట్టా పెట్టినా వంకరే. అల్యూమినియం దూలాలు బోల్టులతో బిగిద్దాం, తేడా వస్తే విప్పి సరిచేసుకోవచ్చు అన్నాను. "మీ అమ్మ బల్లకు ఇంత ఠీవీ ఎందుకు?" అన్నాడు. వినలేదు నేను. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, నేను గట్టిగా పోట్లాడిన ఆ ఒక్క విషయంలో నేనే రైటు.

మిషన్ పెట్టిన రోజు అమ్మ పండుగ చీర కట్టుకుంది. పని ఆపి ఆడవాళ్ళందరూ బల్ల చుట్టూ చేరారు. శేట్ కూడా వచ్చాడు. స్విచ్ వేయబోతుంటే అమ్మ ఆపి, చట్రం మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని తెలుగులో ప్రార్థన మొదలుపెట్టింది. చర్చిలో ఆదివారం చేసేదానికంటే పెద్ద ప్రార్థన. "ప్రభువా, నా బిడ్డ చేతులను దీవించు, ఈ చక్రాలను దీవించు" అంటోంది. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. శేట్ చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. ఆ ఓపిక చూసి నాకు ఇంకా సిగ్గేసింది.

ఆమెన్ అయ్యాక అమ్మ ఎడమ చేత్తో నెట్టింది. బ్లేడు సర్రున బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. బట్ట రెండుగా విడిపోయింది. నా కంటికి గీత గీసినట్టుంది. ఆడవాళ్ళు "అరె వా" అన్నారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

అమ్మ నవ్వలేదు. కోసిన అంచు దగ్గర వంగి, ఒక పోగు పట్టి లాగింది. జానెడు వచ్చి ఊడిపోయింది. ఇంకోటి లాగింది, అదీ అంతే. కోత పోగు వెంట పోలేదు, ఒక పోగు మీద నుంచి ఇంకో పోగు మీదికి ఎక్కుతూ దిగుతూ పోయింది. శేట్ ముక్కను నాలుగు మడతలు పెట్టి చూశాడు, మూలలు కలవలేదు. ఇంకో ముక్క కోయించాడు. అదీ అంతే.

"ఇస్‌మే ఖేల్ కిత్‌నా హై?" అన్నాడు. ఎంత ఆట ఉంది దీనిలో అని.

"ఏక్ సూత్" అన్నాను తల ఎత్తి. మీ మనిషి అడిగినంతే, అంతకంటే ఎక్కువ లేదు అని కూడా అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

శేట్ నా మొహం చూశాడు. బట్ట అంచు నుంచి ఒక పోగు లాగి, నా కళ్ళ ముందు ఎత్తి పట్టుకున్నాడు. "సూత్ యే హోతా హై, మేడమ్."

ఇనుము పనివాళ్ళకు సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పెసరగింజ వెడల్పు. టెంఘర్‌లో నేను రోజూ వాడే సూత్ అది. నూలు పనివాళ్ళకు సూత్ అంటే నూలుపోగు, ఇంకేమీ కాదు. అమ్మ ఇంట్లో ఎప్పుడూ పోగు అనే అంటుంది. ఆ రోజు నేను పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చున్నానని, దుకాణం మనిషిలా అడుగుతున్నానని, తనూ పనిలో మాట్లాడే మాట వాడింది. నాకు మర్యాద ఇచ్చింది.

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నవ్వరా మరి! నేను పుట్టింది నూలులో. సాంచల షెడ్డులో నూలు బస్తాల మీద పడుకోబెట్టి అమ్మ పనిచేసేది. బడికి పోయేముందు నా జుట్టులోంచి పోగులు ఏరేది. అలాంటిదానికి సూత్ అనగానే పోగు గుర్తు రాలేదు, అంగుళంలో ఎనిమిదో వంతు గుర్తొచ్చింది. ఎవరికో కాదు, అమ్మ పని గురించి అమ్మ చెప్తుంటేనే రాలేదు. తల కొట్టేసినట్టయింది. ఎక్కడైనా దాక్కుందామంటే గోదాము నిండా దుప్పట్లే, ఒకటి కప్పుకుని కూర్చుందామా అనిపించింది.

"గల్తీ మేరా హై, శేట్" అంది అమ్మ ముందుకొచ్చి. "నేనే తప్పు జెప్పిన."

"కాదు, నేనే తప్పు అర్థం చేసుకున్న" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగి తెలుగులోకి దిగింది. "నువ్వు సప్పుడు జెయ్యకు. నీది బజార్ల నౌకరీ, నీ పేరు ఖరాబ్ గావద్దు."

"నీ పని పోతది గదనే! నువ్వు చెప్పింది కరెక్టే గదా!"

"పోతే పోనీ. ఈల్ల ముంగట నిన్ను ఒక మాటంటే నేను ఇనుకుంట నిలవడ్తనా? నోర్మూసుకో!"

"నువ్వే మూసుకో!"

అరుచుకున్నాం. తప్పు నాదంటే నాదని ఇద్దరం చేతులు ఊపుకుంటూ, గొంతు చించుకుంటూ. తెలుగు రాని శేట్‌కు, అమ్మ ముందు ఏమన్నా, చివరికి మేం తప్పు ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నామని అనిపించి ఉంటుంది. "అరే, మా-బేటీ లడో మత్" అని, తల్లీబిడ్డలు కొట్లాడుకోవద్దని మధ్యకు వచ్చాడు. వారం టైమిచ్చాడు. అప్పటిదాకా మౌషీ నేల మీద కూర్చుని, కుట్టిన దుప్పట్ల నుంచి వేలాడే దారాలు కత్తిరిస్తుందని చెప్పాడు. అది కొత్తగా వచ్చినవాళ్ళు చేసే పని, కూలీ తక్కువ. అమ్మ పండుగ చీర మడతలు సర్దుకుని వాళ్ళ పక్కన కింద కూర్చుంది.

ఆ వారం నేను తిండి సరిగా తినలేదు. ఎల్ఎం పట్టానే పెట్టాలి, ఇంకో దారి లేదు. మరి నూగు సంగతి? పట్టాను దూలం పైన పడుకోబెట్టకుండా, పక్కన నిలువుగా బిగించాను, నూగు నిలవకుండా కిందికి జారిపోతుంది. కొంచెం బిగువుగా కూర్చునే బ్లాకు ఎంచాను, రెండు కొసలకూ తుడుచుకుంటూ పోయే రబ్బరు పెదవులున్నది. గ్రీజు పూయొద్దు, రోజూ పొడిబట్టతో తుడిచి సన్నటి నూనె చాలు అని అమ్మకు నేర్పాను. ఫిట్టర్ ఈసారి నోరెత్తలేదు. పట్టా పొడవునా వంకర చూపే గేజీ పెట్టి, ముల్లు కదలనంత వరకు ఒక్కో బోల్టూ విప్పుతూ బిగిస్తూ పోయాం. చట్రం బోల్టులది కాబట్టి సరిపోయింది, వెల్డింగ్ అయితే కోసి పారేయాల్సిందే.

మళ్ళీ అందరూ చేరారు. ఈసారి అమ్మ మనసులోనే ప్రార్థించుకుంది. వేలితో నెడితే బ్లేడు పోయింది. అమ్మ అంచు దగ్గర ఒక పోగు పట్టి లాగింది. లాగుతూ బల్ల వెంట నడిచింది. పోగు తెగకుండా ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చేసింది. అమ్మ దాన్ని పైకెత్తి పట్టుకుని నన్ను చూసింది. ఆ క్షణం నాకు ఇంజినీరన్నా సిగ్గేసేది కాదు.

శేట్ ఆ పోగు తీసుకుని చూశాడు. తల ఊపాడు. తర్వాత, సంచులు కట్టే చోటి నుంచి ఒక పడుచామెను పిలిచి, నువ్వు నడిపి చూడు అన్నాడు. ఆమె ఎప్పుడూ కత్తెర పట్టలేదు. భయపడుతూ నెట్టింది. పోగు కొస నుంచి కొసకు వచ్చింది. శేట్ తనే ఒకసారి నెట్టాడు, ఇంకో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే. పోగు వచ్చింది.

నాకు అప్పుడు అర్థమైంది. అమ్మకు నాకంటే ముందే అర్థమైనట్టుంది, బల్ల దగ్గర నుంచి అడుగు వెనక్కి వేసింది.

శేట్ ఏమీ కటువుగా అనలేదు. మిషన్ నడిస్తే ఉంచుతానన్నాడు, ఉంచాడు. "మౌషీ, ఇక నీ చేతికి తకలీఫ్ వద్దు, ఆరామ్‌గా కూర్చో" అని దారాలు కత్తిరించే చోటే చూపించాడు. బల్ల ఆ పడుచామెకు ఇచ్చాడు, ఆమె చెయ్యి చురుకు. ఆయన మాట తప్పాడని ఎలా అనను? ఏదో అనబోతే అమ్మ నా మోచెయ్యి పట్టి నొక్కింది.

ఇంటికి వస్తూ షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. అమ్మ రోడ్డు వైపు మొహం పెట్టుకుంది. "మంచిగ జేసినవు బిడ్డా" అంది. "ఎవ్వరు నడిపినా నడుస్తున్నది." ఆ మాటలో వెటకారం లేదు, అదే నేను తట్టుకోలేకపోయాను. పట్టా చెడగొట్టినప్పుడు పడ్డ సిగ్గు ఎట్లాగో మింగాను. బాగా పెట్టినందుకు పడే సిగ్గు ఇంకా మింగుడుపడలేదు. అమ్మ ఇప్పటికీ కింద కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. భుజం నొప్పి తగ్గింది, ఆ మాట నిజమే.

ఈ మధ్య మాన్కోలిలోనే ఇంకో గోదాము నుంచి కబురొచ్చింది, అలాంటి బల్లే కావాలని. మాలిక్ పెడా మిఠాయి ప్యాకెట్ తెప్పించాడు. కొలతలకు నేనే వెళ్ళాను. అక్కడ కోసే ఆమె అమ్మకంటే చిన్నది, ఎక్కడిదో తెలియదు, హిందీలో మాట్లాడింది. టేపు ఆ కొస ఆమె పట్టుకుంది, ఈ కొస నేను పట్టుకున్నాను. చాయ్ తెప్పించింది. భుజం చూపించి, "దీదీ, ఈ మిషన్ వస్తే నాకు ఈ నొప్పి పోతుందంట కదా?" అని అడిగింది. పోతుంది అన్నాను.

రాత్రి అన్నం దగ్గర ఈ ఆర్డర్ సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ విని, "ఆడ కోసేది ఎవరు?" అంది.

"ఉన్నది ఒకామె."

"ఆమెకు చెప్పినవా?"

"ఏం జెప్పాలె?"

"గిట్లయితదని."

"చెప్పలే" అన్నాను.

"రేపు నన్ను తోలుకపో. నేను చెప్త. ముందుగాల్నే ఇంకో పని చూసుకుంటది."

ఆర్డర్ పోతదమ్మా, అనబోయాను. పెదవుల దాకా వచ్చింది మాట, మింగేశాను. కానీ అమ్మకు నా మొహం చదవడం వచ్చు. నవ్విన ఆడవాళ్ళ మధ్య కూడా తల ఎత్తుకుని నిలబడ్డ మనిషి, నా మీద ఒక్క మాట పడనివ్వని మనిషి, నన్ను చూడలేక తల దించుకుంది.